మడిచిపెట్టిన బండిలో కాపురం

దయ్యాలంటే నాకు భయం లేదు, కోపం ఉంది. చిన్నప్పుడు ఖమ్మంలో మా పక్కింటావిడ ఒంటిమీదికి ఏదో వచ్చిందని వేపమండలతో కొడుతుంటే, అడ్డం వెళ్లి ఆ మండలు లాక్కున్న పిల్లని నేను. ఆవిడకు వచ్చింది టైఫాయిడ్ అని తర్వాత డాక్టరు తేల్చాడు. కొట్టినవాళ్లెవరూ క్షమాపణ చెప్పలేదు. అప్పటినుంచీ ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే, "మీరు చూశారా, ఎవరైనా చెప్తే విన్నారా?" అని అడుగుతాను. విన్నామంటే అక్కడితో ఆపేయమంటాను.

అందుకే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది. ఇందులో నేను కళ్లారా చూసిన మనిషి ఎవరూ లేరు. చూసినవాళ్లు వేరే. నాకు మిగిలినవి కొన్ని ఆనవాళ్లూ, బోలెడంత కోపమూ.

మేం సూరత్ వచ్చి చాలా ఏళ్లయింది. మా ఆయన రైల్వేలో సిగ్నళ్ల విభాగంలో పనిచేస్తారు. నేను బ్యాంకులో. ఉధ్నాలో ఫ్లాటు. మొదటి లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంటే మేమిద్దరం మాస్కులు కట్టుకుని డ్యూటీలకు వెళ్లినవాళ్లం. ఆ రోజుల్లోనే మా ఆయనకు ఒక పిచ్చి పట్టుకుంది. ఇకమీదట హోటళ్లలో దిగడం కుదరదట, మన గది మనమే వెంట లాక్కెళ్లాలట. తిండి తింటున్నా ఫోన్లో అవే వీడియోలు. చివరికి నవ్‌సారిలో ఒక రిటైర్డ్ ఆఫీసరు అమ్మేస్తున్నారని తెలిసి, దసరాకు ముందు ఒక మడత క్యాంపర్ కొనుక్కొచ్చారు.

చూడనివాళ్లకు చెప్పాలి. అది రెండు చక్రాల మీద ఉండే పెద్ద ఇనుప పెట్టె. నడుమెత్తు ఉంటుంది. జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లాలి. కావలసిన చోట ఆపి, పక్కనున్న కన్నంలో ఒక హ్యాండిల్ దూర్చి తిప్పితే పైకప్పు లేస్తుంది. అటొకటి ఇటొకటి బల్లలు బయటికి లాగితే అవే మంచాలు. చుట్టూ కాన్వాసు గోడలు, వల కిటికీలు. మళ్లీ మడిచేస్తే లోపల పిల్లి కూడా పట్టదు. హ్యాండిల్ లేకుండా ఆ కప్పు బెత్తెడు కూడా లేవదు. ఈ ఒక్క విషయం మీద నేను తర్వాత చాలామందితో గొంతు చించుకోవాల్సి వచ్చింది.

ఒక్కసారి సాపుతారా కొండలకు వెళ్లొచ్చాం. బాగుంది, కాదనను. ఈలోగా దీపావళి అయింది, కేసులు పెరిగాయి, రాత్రి కర్ఫ్యూ పెట్టారు. మా ఇద్దరికీ సెలవులు దొరకడం కష్టమైంది. గుజరాత్‌లో జనం షికార్లు తిరిగేదే చలికాలంలో. సరిగ్గా ఆ చలికాలమే మా బండిని మూలన పెట్టాల్సి వచ్చింది.

ఆ మూల కూడా మాకు దొరకనివ్వలేదు. మా సొసైటీ వాట్సప్ గ్రూపులో ఎవరో దానికి "కరోనా బండి" అని పేరు పెట్టారు. రోగుల్ని పెట్టడానికి మేం తెచ్చామని ఒకరు, కాన్వాసు గుడ్డకు వైరస్ అంటుకుంటే నెలల తరబడి పోదని ఇంకొకరు. సెక్రటరీ మా తలుపు దగ్గరికి వచ్చి, మాస్కు గడ్డానికి తగిలించుకుని, నా మొహం మీద తుమ్మి మరీ, ఆరోగ్య రీత్యా బండి తీసేయమన్నాడు. మేం డబ్బు కట్టే పార్కింగు స్థలంలో మా బండి ఉండకూడదట. నేను పోట్లాడదామన్నాను. మా ఆయన పోట్లాట మనిషి కాదు. వేరే చోటు చూశారు.

బమ్రోలిలో ఆయనకు తెలిసిన ఒక శేఠ్‌కి మగ్గాల కార్ఖానా ఉండేది. లాక్‌డౌన్‌లో పనివాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయాక అతను మగ్గాలు అమ్మేశాడు. ఖాళీ కార్ఖానా, చుట్టూ ఎత్తయిన గోడ, వెనకవైపు చిన్న ఆవరణ, అందులో రేకుల పందిరి. ఆ పందిరి కింద బండి పెట్టుకోమన్నాడు. కాపలాకు మల్లేశం ఉండేవాడు. జగిత్యాల దగ్గరి మనిషి. అదే కార్ఖానాలో ఏళ్ల తరబడి మగ్గాలు నడిపి, అవి పోయాక అక్కడే వాచ్‌మన్‌గా మిగిలిపోయాడు. ముందు గేటు పక్క గదే అతనికి ఇల్లు. ఊళ్లో భార్య ఉంది, ఆమె మోకాళ్లకు మందులు ఇతను పంపాలి.

బండిని చలికాలానికి ఎలా దాచాలో మా ఆయన మంచు దేశాలవాళ్ల వీడియోలు చూసి నేర్చుకున్నారు. సూరత్‌లో చలి అంటే ఒక పల్చటి దుప్పటి. ఆ మాట అంటే వినలేదు. ముందుగా మా సొసైటీ పార్కింగులోనే, జనం కిటికీల్లోంచి తిట్టుకుంటుండగా, కాన్వాసు విప్పి ఎండలో బాగా ఆరబెట్టాం. తడితో మడిస్తే బూజు పడుతుంది. పరుపులు ఇంటికి తెచ్చేశాం, లేకపోతే ఎలుకలు గూళ్లు పెడతాయి. గ్యాస్ సిలిండరు, బ్యాటరీ తీసేశాం. నీళ్ల డబ్బా ఒంపేసి, గొట్టంలో చుక్క లేకుండా ఊదాం. ఇంకా మూలమూలల్లో కలరా ఉండలు వేసి, కన్నాల్లో ఇనుప పీచు కుక్కి, అప్పుడు మడిచాం.

బమ్రోలి తీసుకెళ్లాక చక్రాలు నేలకు ఆనకుండా ఇటుకల మీదికి ఎత్తాం. పైన టార్పాలిన్ కప్పి, గాలి ఆడేలా అడుగున జానెడు వదిలి, మా ఆయన తాళ్లు కట్టారు. ఆయన ముడి ఆయనదే, ఉద్యోగంలో నేర్చుకున్న ముడి. అది విప్పి మళ్లీ అలాగే కట్టడం నాకే ఇప్పటికీ రాదు. వెనక ఆవరణకు సందువైపు ఉన్న రెండు రెక్కల తలుపుకు తాళం వేసి, తాళంచెవి మేమే తెచ్చుకున్నాం. హ్యాండిల్ మా వంటింటి సొరుగులో, అప్పడాల కర్ర పక్కన పెట్టాను.

మన సంక్రాంతిని ఇక్కడ ఉత్తరాయణ్ అంటారు. అది అయిన రెండో రోజో మూడో రోజో శేఠ్ ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే, కానీ ఆరోజు అరుస్తున్నాడు. బండి పెట్టుకోమంటే మనుషుల్ని పెట్టారేమిటి అంటాడు. మా ఆయనకు అర్థం కాలేదు. గాలిపటాల పండగ రోజు చుట్టుపక్కల వాళ్లంతా డాబాల మీద ఉన్నారు, అందరూ చూశారు, బండి విప్పి ఉంది, మొగుడూ పెళ్లాం ఒక చిన్నపిల్ల అందులో కాపురం ఉంటున్నారు అన్నాడు. చూసినవాళ్లలో శేఠ్ బావమరిది కూడా ఉన్నాడట.

ఆ ఆదివారం ఉదయం ఇద్దరం వెళ్లాం. మేం వెళ్లేసరికే శేఠ్ గేటు దగ్గర నిలబడి మల్లేశాన్ని తిడుతున్నాడు. వాచ్‌మనే ఎవరికో అద్దెకిచ్చి డబ్బు తింటున్నాడని అతని లెక్క. మల్లేశం నన్ను చూడగానే దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, జర మీరన్న చెప్పుండ్రి. వెనక తలుపు చెవి నా దగ్గర లేనే లేదు. స్టూలేసుకోని గోడ మీదికెళ్లి రోజు తొంగి సూస్త. బండి కప్పినట్టే ఉంటది. నాకు ఒక్క మనిషి కానరాలె, ఒక్క సప్పుడు ఇనరాలె. గీ శేఠ్ ఏందో గిట్ల మాట్లాడవట్టె."

తాళం మేమే తీశాం. తుప్పు పట్టి బిగిసిపోయి, ఒక పట్టాన రాలేదు. లోపల బండి మేం ఎలా పెట్టామో అలాగే ఉంది. టార్పాలిన్ మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము. మా ఆయన ముళ్లన్నీ ఒక్కొక్కటీ పట్టి చూశారు. తను కట్టినవే, ఎవరూ ముట్టుకోలేదు అన్నారు.

ఒక్కటి మాత్రం మేం పెట్టనిది ఉంది. పందిరి కింద, బండి పక్కన, తెగిపడిన గాలిపటాలు. పండగ నాడు ఏ ఆవరణలోనైనా పడతాయి, అందులో వింత లేదు. కానీ ఇవి చెల్లాచెదురుగా లేవు. పెద్దది అడుగున, చిన్నది పైన, వరసగా పేర్చి, ఎగిరిపోకుండా మీద ఒక ఇటుక ముక్క పెట్టి ఉంది. దారం విడిగా ఉండ చుట్టి ఉంది.

శేఠ్ వాటిని చూపించి, ఇంకేం కావాలి అన్నాడు. నేను హ్యాండిల్ సంగతి చెప్పాను. అది మా వంటింట్లో ఉందన్నాను. అలాంటిది ఉధ్నాలో ఏ లేత్ షాపులో అయినా చేసిస్తారన్నాడు. దుమ్ము చూపించాను. దుమ్మెంతసేపు, చల్లితే పడుతుందన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పొట్ట చేతపట్టుకుని ఉన్న ఒక మనిషిని దొంగను చేయడానికి ఎంత కష్టపడి ఆలోచిస్తున్నాడు!

"చూశామన్నవాళ్లు ఎవరో నాకు చూపించండి" అన్నాను.

శేఠ్ వెనకగోడకు ఆనుకున్న సందులో ఒక మేడ చూపించాడు. పై భాగంలో తెలుగువాళ్లే ఉంటారు. సిరిసిల్ల వైపు వాళ్లు, మగవాళ్లంతా మగ్గాల పని. ఆ ఇంటి పెద్దావిడ పేరు లచ్చవ్వ. నేను ఒక్కదాన్నే మెట్లెక్కి వెళ్లాను. తెలుగు వినగానే చేతులు పట్టుకుంది, దూరం గీరం చూడలేదు. డాబా మీదికి తీసుకెళ్లింది. అక్కడ ఆవిడ కోడలు బట్టలు ఆరేస్తోంది.

నేను వాచ్‌మన్ తరపునో శేఠ్ తరపునో అని చెప్పుకోలేదు. ఆ బండి నాది అని మాత్రం చెప్పాను.

"నీదేనా బిడ్డా! మంచిగున్నది బండి" అంది లచ్చవ్వ. "ఆళ్లు మీ సుట్టాలా? మంచోళ్లు. ఎవ్వలి జోలికి రారు. ఆమె పొద్దుగాల లేచి రొట్టెలు జేస్తది. ఆయన ఎప్పుడు పండుకోనే ఉంటడు, పానం మంచిగ లేనట్టున్నది. పోరి మాత్రం ఆడుతనే ఉంటది. పండుగ నాడు మా పతంగులన్ని ఏరి కుప్ప వెట్టింది."

ఎప్పటినుంచి చూస్తున్నారు అని అడిగాను. బండి వచ్చినప్పటి నుంచే అంది కోడలు. ఒకటి రెండుసార్లు పైనుంచి కేకేసి ఏ ఊరని అడిగారట. ఆమె నవ్వి ఊరుకుందట.

నేను పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. అప్పటికి మధ్యాహ్నమైంది, మంచి ఎండ. పందిరి రేకులు చిన్నవి, పక్కనుంచి బండి మొత్తం కనిపిస్తోంది. టార్పాలిన్ కప్పిన పెట్టె. దాని పక్కన మా ఆయన, శేఠ్, గోడ దగ్గర మల్లేశం. అంతే.

"ఇప్పుడున్నారా?" అని అడిగాను.

"ఉండక ఏడికి వోతరు? అగో, ఆమె నిన్ను సూసి చెయ్యి ఊపుతున్నది గదా" అంది లచ్చవ్వ, అని తనూ చెయ్యి ఊపింది. కోడలు చేతిలో తడిచీర దండెం మీద పడేసి, నవ్వుతూ తనూ ఊపింది.

ఇద్దరూ ఒకే చోటికి చూస్తున్నారు. మా ఆయన నిలబడ్డ చోటికి కాదు, బండికి కుడివైపు. నేను కళ్లు చిట్లించి చూశాను. అక్కడ ఖాళీ నేల ఉంది, దాని మీద ఎండ ఉంది.  నాకు ముందు వచ్చింది కోపమే. నన్ను ఆటపట్టిస్తున్నారేమోనని వాళ్ల మొహాలు చూశాను. పొరుగింటివాళ్లను పలకరించేటప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి.

"నువ్వు జూస్తలేవేంది, పాపం అట్లనే ఊపవట్టె" అంది లచ్చవ్వ.

నేను చెయ్యెత్తాను. ఎత్తకపోతే వాళ్లు ఏమనుకుంటారో అని ఎత్తాను.

మెట్లు దిగబోతుంటే కోడలు అంది, "కిటికీలకు పర్దాలు మంచిగున్నయి మేడమ్. చిలకపచ్చ, మీద తెల్ల చుక్కలు. మార్కెట్ల కొన్నరా?"

ఆ బండి కిటికీలకు పర్దాలు లేవు. పాతవి చిరిగిపోతే నేనే తీసి పారేశాను. కొత్తవి కుట్టాలని దీపావళి ముందు రింగ్ రోడ్ మార్కెట్‌లో ఒక గుడ్డ కొన్నాను. చిలకపచ్చ, మీద తెల్ల చుక్కలు. తెచ్చి బీరువాలో పెట్టాను, కుట్టే తీరిక దొరకలేదు. ఇంటికి వెళ్లగానే చెప్పులు కూడా విడవకుండా బీరువా తీశాను. గుడ్డ కత్తెర తగలకుండా, కొట్టువాడు మడిచిన మడతలోనే ఉంది. ఆ గుడ్డ సంగతి నాకూ మా ఆయనకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. మా ఆయనకు రంగు కూడా గుర్తులేదు.

మరుసటి ఆదివారం హ్యాండిల్ పట్టుకుని మళ్లీ వెళ్లాం. బండి విప్పి లోపల ఎవరూ ఉన్న గుర్తు లేదని శేఠ్‌కి చూపిస్తే, మల్లేశం మీద అనుమానం పోతుందని నా ఆలోచన. అదెంత బుద్ధితక్కువ ఆలోచనో తర్వాత తెలిసింది.

మా ఆయన ముళ్లు విప్పారు. టార్పాలిన్ లాగితే దుమ్ము లేచి అందరం దగ్గాం. కరోనా రోజుల్లో దగ్గితే శేఠ్ గోడ దాకా వెనక్కి జరిగాడు. హ్యాండిల్ తిప్పారు, కప్పు లేచింది. బల్లలు లాగారు.

లోపల అన్నం మెతుకు లేదు, అగ్గిపుల్ల లేదు. కలరా ఉండలు వేసినచోటే ఉన్నాయి. నాకు ధైర్యం వచ్చింది. శేఠ్‌ని పిలవబోతుంటే మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"మడతలేవీ?" అన్నారు.

కాన్వాసు మందపాటి గుడ్డ. రెండు వారాలు మడిచి పెడితేనే ఇస్త్రీ పెట్టినట్టు గీతలు పడతాయి. సాపుతారాలో మొదటిసారి విప్పినప్పుడు ఆ గీతలు చూసి నేనే నవ్వాను. ఇప్పుడు దీపావళి తర్వాతినుంచీ మడిచిపెట్టిన గుడ్డ మీద ఒక్క గీత లేదు. నెలల తరబడి నిలబెట్టే ఉంచినట్టు నునుపుగా, బిగుతుగా నిలబడింది. అంతకంటే నమ్మశక్యం కానిది ఇంకొకటి. పడమటివైపు గోడ వెలిసిపోయింది. ముదురు ఖాకీ రంగు గుడ్డ, ఆ ఒక్కవైపు ఎండకు పాలిపోయి ఉంది. కప్పేటప్పుడు అలా లేదు. ఆరబెట్టినప్పుడు నేనే అంగుళం అంగుళం దులిపాను. విప్పి నిలబెడితే తప్ప ఆ గోడకు ఎండ తగలదు.

ఇవన్నీ శేఠ్ కూడా చూశాడు. బట్టల వ్యాపారం చేసిన మనిషి, గుడ్డను చూస్తే అతనికి మేం చెప్పనక్కర్లేదు. "అదిగో, నేనన్నానా" అన్నాడు. వెంటనే మల్లేశం వైపు తిరిగి, సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమన్నాడు. అంతటితో ఊరుకోకుండా పోలీసుల పేరెత్తాడు.

  ఆ రోజుల్లో మల్లేశాన్ని ఎవరు పనిలో పెట్టుకుంటారు? ఏ సందులో గది ఇస్తారు? బయటి మనిషి అంటేనే తలుపులు వేసుకుంటున్నారు.

నాకు ఆ క్షణంలో ఎవరి మీద కోపం వచ్చిందో చెప్పలేను. శేఠ్ మీదా, మా సొసైటీ సెక్రటరీ మీదా, ఆ మడతలు లేని గుడ్డ మీదా, నాకు కనిపించకుండా నా బండిలో ఉన్నదెవరైతే వాళ్ల మీదా. నా నోటినుంచి హిందీలో మాట వచ్చేసింది.

"అతన్నేమీ అనకండి. వాళ్లు మా బంధువులు. నేనే ఉంచాను. తాళంచెవి నేనే ఇచ్చాను."

మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కానీ నా మాట కాదనలేదు, అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. శేఠ్ నన్ను నోటికొచ్చినట్టు అన్నాడు. చదువుకున్నవాళ్లు, బ్యాంకువాళ్లు ఇలాగా చేసేది అన్నాడు. రోగుల్ని తెచ్చి దాచారా అన్నాడు. పడ్డాను. వచ్చే ఆదివారానికల్లా బండి తీసేయమన్నాడు. మల్లేశం గది జోలికి మాత్రం వెళ్లలేదు. అబద్ధం ఆడినందుకు నాకు ఈరోజుకీ చింత లేదు.

శేఠ్ వెళ్లాక మల్లేశం మెల్లగా అడిగాడు, "మేడమ్, నిజంగ మీ సుట్టాలేనా?"

"కాదు" అన్నాను.

"మరి ఎవ్వలు?"

"నాకేం తెలుసు? అడుగుదామంటే కనబడితే కదా!" అన్నాను. పాపం, అతని మీద అరిచాను.

ఆ వారమంతా బ్యాంకులో పని చేస్తూనే తర్కించుకున్నాను. లచ్చవ్వ, ఆవిడ కోడలు, శేఠ్ బావమరిది, ఇంకో రెండు డాబాల వాళ్లు కలిసి ఒకే అబద్ధం ఆడారనుకుందాం. ఎందుకు ఆడతారు? ఎవరో గోడ దూకి వచ్చి రోజూ విప్పి రోజూ మడిచారనుకుందాం. దుమ్ము, ముళ్లు, తాళం సంగతేమిటి? అయినా పైన ఎవరైనా చూసినప్పుడల్లా విప్పి ఉన్న బండి, మల్లేశం గోడమీంచి తొంగి చూసినప్పుడల్లా ఎలా మడిచి ఉంటుంది? 

బండి తీసుకురావడానికి వెళ్లిన రోజు మా ఆయన దాన్ని గట్టిగా మడిచి, జీపుకు తగిలించి, వెనక సందులోంచి బయటికి తీశారు. నేను వెనక నడుస్తున్నాను. శేఠ్ నోరు ఊరుకుంటుందా, మా బంధువులన్న మాట అప్పటికే వీధంతా పాకింది. డాబాల మీద జనం నిలబడ్డారు. నన్ను తిట్టడం మొదలుపెట్టారు.

హిందీలో, గుజరాతీలో, తెలుగులో తిట్టారు. జబ్బు మనిషిని, పసిపిల్లను ఇలాంటి రోజుల్లో రోడ్డున పడేస్తావా అన్నారు. సొంతవాళ్లను ఇంట్లో పెట్టుకోకుండా కార్ఖానా వెనక దాచడానికి సిగ్గులేదా అని ఒకాయన అరిచాడు.  వాళ్లెవరూ లేరండీ అని చెబితే మల్లేశం మళ్లీ దొంగ అవుతాడు. చెప్పకపోతే ఈ తిట్లన్నీ నావి. తల వంచుకుని నడిచాను.

లచ్చవ్వ మేడ మెట్లు దిగి వచ్చింది. చేతిలో గుడ్డలో కట్టిన పొట్లం. మొహం ముడుచుకుని ఉంది.

"ఏం మనిషివి బిడ్డా నువ్వు" అంది. "గా పోరిని సూసన్న నీకు పానం ఒప్పిందా? ఏడున్నరు ఆళ్లు? రొట్టెలు జేసిన, తొవ్వల తింటరు."

"ముందే పంపించేశాను" అన్నాను.

అప్పుడు పైనుంచి కోడలు కేకేసింది. "పంపుడేంది అత్తా! ఆమె చేతికే ఇయ్యి. నీ పక్కకే నిలవడ్డది గదా, పోరిని ఎత్తుకోని!"

లచ్చవ్వ పక్కకు తిరిగింది. నేనూ తిరిగాను. మా ఇద్దరి మధ్య మూరెడు ఖాళీ. సందులో వేసిన సిమెంటు, పక్కన మురుగుకాలవ మూత. అంతకుమించి ఏమీ లేదు.

అంతకాలం ఆవిడ వాళ్లను డాబా మీదినుంచే చూసింది. కిందికి దిగి దగ్గరికి రావడం అదే మొదలు. ఆవిడ ఒకసారి పైకి చూసింది. కోడలు వేలు పెట్టి చూపిస్తూనే ఉంది. "అగో, గక్కడనే!" అంటోంది. మళ్లీ పక్కకు చూసింది. చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా మీద ఉన్న కోపమంతా ఆవిడ మొహంలోంచి జారిపోవడం నేను చూశాను.

తర్వాత ఆవిడ చేసిన పని నేనైతే చెయ్యలేను. భయపడి పారిపోలేదు. పొట్లం రెండు చేతులతో పట్టుకుని, ఆ ఖాళీ వైపు చాపింది.

"తీస్కో బిడ్డా" అంది.

కాసేపు అలాగే నిలబడింది. ఎవరూ తీసుకోలేదు. డాబాల మీద తిట్లు ఆగిపోయాయి. అక్కడినుంచి వాళ్లకు ఏం కనిపించిందో నేను అడగలేదు. లచ్చవ్వ పొట్లం నా చేతిలో పెట్టి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

బండిని కామ్‌రేజ్ దగ్గర మా ఆయన సహోద్యోగి పొలంలో పెట్టాం.  పొట్లంలో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం ఉన్నాయి. ఒకటి చిన్నది, పిల్లకోసం చేసిందనుకుంటా, నెయ్యి రాసి బెల్లం పెట్టి చుట్టింది. ఆ చిన్నదాన్ని బండి మీద పెట్టి వచ్చాను. నన్ను చూసి మా ఆయన నవ్వలేదు. తర్వాత దాన్ని ఏ కాకి తిన్నదో, ఏ కుక్క తిన్నదో నేను కనుక్కోలేదు. కనుక్కోవాలనిపించలేదు.

కొన్ని వారాలకే రెండో వేవ్ వచ్చింది. ఆ తర్వాత చాలా జరిగాయి, బండి సంగతి ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. మల్లేశం అక్కడే ఉన్నాడు, ఇప్పటికీ పండగలకు ఫోన్ చేస్తాడు. ఆ ఖాళీ ఆవరణలో ఎవరూ కనిపించడం లేదని లచ్చవ్వ కోడలు చెప్పిందట.

నా ఫ్రెండ్స్ చాలామంది దీనికి కథ అల్లి చూపించారు. లాక్‌డౌన్‌లో నడిచి వెళ్లిపోయిన ఏదో కుటుంబం అయి ఉంటుంది, ఊరు చేరి ఉండరు అన్నారు. నేను ఒప్పుకోను. ఆధారం లేకుండా ఎవరినో చంపేసి దయ్యాల్ని చెయ్యడం నాకు ఇష్టం లేదు. వాళ్లు ఎవరో నాకు తెలియదు. కాన్వాసుకు మడతలు ఎందుకు పడలేదో తెలియదు. గుడ్డ వెలిసిపోయిన ఆ పడమటి గోడ ఇప్పటికీ అలాగే ఉంది, ఎవరొచ్చినా చూపిస్తాను.

బండి అమ్మేద్దామని మా ఆయన రెండుసార్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా బండిలో ఎవరో ఒక చలికాలం తలదాచుకున్నారు, సరే, ఉండనివ్వండి. డాబా మీద నాకు అటొకరు ఇటొకరు నిలబడి ఆమెకు చెయ్యి ఊపారు. ఆమె ఊపింది నాకట. అయినా నా కంటికి ఎండ తప్ప ఏమీ కనిపించలేదు. డాబా ఎక్కినవాళ్లందరికీ కనిపించిన ఆమె నాకు మాత్రం ఎందుకు కనబడలేదో ఎవరైనా చెప్పగలిగితే, ఆరోజు బండి అమ్మేస్తాను.